ఓడిపోయాక నోట్లోంచి ఏ మాట వస్తోంది?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది మైదుకూరు దగ్గర పల్లె. కడపలో బీటెక్ ఆఖరి ఏడాది చదువుతున్నాను. నేను, ఇంకో ముగ్గురు స్నేహితులం కలిసి ఎనిమిది నెలలుగా ఫోన్‌లో ఆడే గేమ్ ఒకటి తయారుచేస్తున్నాం. మన బండలాగుడు పోటీల మీద. మా తాత ఎడ్ల జతను పోటీలకు తోలుకుపోయేవాడు. ఆ ముచ్చట్లు వింటూ పెరిగాను కాబట్టి ఈ ఆలోచన నాదే. స్క్రీన్ తాకితే ఎడ్లు లాగుతాయి, ఎంత త్వరత్వరగా తాకితే అంత వేగం. బొమ్మలకే ఆరు నెలలు పట్టింది. తాకగానే ఎద్దు ముందు తల దించి, మూపురం బిగించి, అప్పుడు అడుగు వేస్తుంది. దుమ్ము లేస్తుంది, కాడి ఊగుతుంది. చూసినవాళ్ళంతా మెచ్చుకుంటున్నారు. మొదట్లో నాలుగు నిమిషాల కథ కూడా పెట్టాం. కానీ ఒకసారి ఆడినవాళ్ళు రెండోసారి తెరవడం లేదు. తొమ్మిదో తరగతి చదివే మా చిన్నమామ కొడుకు ఐదు నిమిషాలు ఆడి "బొమ్మలు శానా బాగుండాయి అక్కా" అని ఫోన్ నా చేతిలో పెట్టి పోయాడు. ఇప్పుడు మాలో మాకే గొడవ. ఒకడు గ్రాఫిక్స్ ఇంకా పెంచాలంటాడు. ఇంకొకడు కథ పెంచాలంటాడు. ఆన్‌లైన్ పెట్టకపోతే ఈ రోజుల్లో ఎవరూ ఆడరని నా స్నేహితురాలు అంటుంది. ఓడిన ప్రతిసారీ ఒక యాడ్ వేస్తే ఖర్చులైనా వస్తాయని కూడా అనుకుంటున్నాం. అసలు ఆడేవాళ్ళు ఒక గేమ్‌ను దేన్ని చూసి మంచిదంటారు? పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఏది ముందు సరిచేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
ఓ చెల్లెలు, కడప

సమాధానం: చెల్లీ, నీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట మీ చిన్నమామ కొడుకుది. "బొమ్మలు శానా బాగుండాయి అక్కా." ఆ పిల్లోడు అబద్ధం చెప్పలేదు, నిన్ను నొప్పించకూడదనుకున్నాడు, అంతే. పెళ్ళి భోజనం ఎట్లుందని అడిగితే "పందిరి బాగా వేసినారు" అన్నారనుకో, వంట గురించి మనకు అర్థమైపోతుంది కదా. ఇదీ అట్లాంటిదే.

ఆడేవాళ్ళను "ఏం చూసి మంచిదంటావు" అని నేరుగా అడిగితే చాలామంది గ్రాఫిక్స్ అనే చెబుతారు. ఎందుకంటే నోటితో చెప్పడానికి సులువైనది అదొక్కటే. కంటికి కనిపిస్తుంది, దానికి పేరుంది. చేతికి తెలిసిన సంగతికి మన దగ్గర సరైన పేరు లేదు. కానీ ఫోన్ పక్కన పెట్టేది ఆ చెయ్యే. అందుకని వాళ్ళు చెప్పేదాని కన్నా వాళ్ళు చేసేదాన్ని చూడు అంటాను. ఇది నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. అనంతపురంలో పదేళ్ళ పైన వీడియో గేముల అంగడి నడిపి, కుర్రాళ్ళ వెనక స్టూలు మీద కూర్చుని నేర్చుకున్నాను.

అంగడి పెట్టిన కొత్తల్లో రెండు టీవీలు ఉండేవి. ఒకటి పాతది. రంగు వెలిసిపోయి, మారియో టోపీ ఎరుపో గోధుమ రంగో తెలిసేది కాదు. రెండోది అప్పు చేసి కొన్న పెద్ద కలర్ టీవీ. దాని ముందు మెత్తటి కుర్చీ కూడా వేశాను. రెండింటికీ గంటకు పది రూపాయలే. సాయంత్రం బడి వదిలాక వచ్చే పిల్లలు పెద్ద టీవీ కోసం కొట్లాడుకుంటారనుకున్నాను. మొదటి వారం అట్లే జరిగింది. రెండో వారం నుంచి పాత టీవీ దగ్గర వరస కట్టారు, పెద్ద టీవీ ఖాళీగా ఉండేది. నాకు అర్థం కాలేదు. ఒక రోజు ఒక పిల్లోణ్ణి అడిగితే, "ఆ రిమోట్‌లో దూకే బటన్ ఒక్కోతూరి పడదన్నా" అన్నాడు. జాయ్‌స్టిక్‌ను వాళ్ళు రిమోట్ అనేవాళ్ళు. విప్పి చూస్తే బటన్ కింద రబ్బరు అరిగిపోయి ఉంది. పదిసార్లు నొక్కితే ఒకసారి పడటం లేదు. ఆ ఒక్కసారి కోసం ఇరవై ఒక్క అంగుళాల రంగుల టీవీని, మెత్తటి కుర్చీని వదిలేసుకున్నారు ఆ పిల్లలు. రబ్బరు మార్చిన సాయంత్రమే వరస ఇటు తిరిగింది.

అప్పటి నుంచి నేను ఒకటే గమనించడం మొదలుపెట్టాను. ఓడిపోయిన మరుక్షణం ఆడేవాడి నోట్లోంచి ఏ మాట వస్తోంది? మన అనంతపురం, కడప పిల్లల నోట్లో రెండే రకాలు. ఒకటి, "ఛ, నేనే తొందరపడినా, ఇంగోతూరి." రెండోది, "ఏం ఆటరా ఇది!" మొదటి మాట వచ్చిన ఆట ఆరు నెలలైనా అంగడిలో అడుగుతూనే ఉండేవాళ్ళు. రెండో మాట వచ్చిన క్యాసెట్ ఎంత కొత్తదైనా, డబ్బా మీద బొమ్మ ఎంత ఘనంగా ఉన్నా, నెల తిరిగేసరికి అటక ఎక్కేది. ఓటమి తనదని ఆడేవాడు ఒప్పుకున్నాడా, ఆట మీదికి నెట్టేశాడా అన్నదే నా లెక్కలో అసలు తీర్పు. గెలిచినప్పుడు అందరూ అన్నిటినీ మెచ్చుకుంటారు, దాంతో ఏమీ తెలియదు.

ఇప్పుడు మీ ఆటకు వద్దాం. తాకగానే ఎద్దు తల దించి, మూపురం బిగించి, అప్పుడు అడుగు వేస్తుందని రాశావు. చూడటానికి ఎంత బాగుంటుందో ఊహించుకోగలను. కానీ వేలు తాకినప్పటి నుంచి అడుగు పడేదాకా ఎంతసేపు పడుతోందో ఎప్పుడైనా కొలిచారా? అర సెకను అనుకుందాం. స్క్రీన్ సెకనుకు 60 సార్లు మారే ఫోన్‌లో ఒక్కో బొమ్మ నిలిచేది 16 మిల్లీసెకన్ల పైచిలుకు. అంటే నేను తాకిన తర్వాత 30 బొమ్మలు గడిచాక గానీ నా ఎద్దు నా మాట వినడం లేదు. ఆట సెకనుకు 30 బొమ్మలే చూపించగలిగే పాత ఫోన్‌లో అది ఇంకా తడబడుతూ కనిపిస్తుంది. ఈ లెక్కలేవీ మీ మామ కొడుక్కి తెలియవు. వాడి బొటనవేలికి మాత్రం తెలుసు. "నేను చెప్పినా, ఇది వినలేదు" అని వేలు తీర్పు చెప్పేసింది. అంగడిలో అరిగిపోయిన రబ్బరు కథే ఇది.

దీనికి మీరు గీసిన బొమ్మలు తీసేయాల్సిన పని లేదు. వరస మార్చండి. తాకిన వెంటనే ఏదో ఒకటి కదలాలి. కాడి బిగుసుకోవచ్చు, గజ్జెలు మోగవచ్చు, కాలు లేవవచ్చు. తల దించడం, మూపురం బిగించడం అడుగుతో పాటు జరగనివ్వండి, అడుగుకు ముందు కాదు. ముందు చేతికి జవాబు చెప్పి, తర్వాత కంటికి ఇంపుగా చూపించండి.

చేతికి జవాబు చెప్పడంలో ఎంత శ్రద్ధ పెడతారో తెలియాలంటే, 2018లో వచ్చిన సెలెస్ట్ అనే ఆట చూడు. ఒక అమ్మాయి కొండ ఎక్కే ఆట అది. చాలా కష్టమైనది, వందలసార్లు చస్తాం. అయినా ఆడినవాళ్ళు దాన్ని అన్యాయం అనరు. కారణం ఒకటి చెబుతాను. అంచు దాటి గాల్లోకి వచ్చేశాక కూడా, కొన్ని ఫ్రేముల పాటు (స్క్రీన్ మీద మారే ఒక్కో బొమ్మనే ఫ్రేము అంటారు) దూకే బటన్ నొక్కితే ఆట ఒప్పుకుంటుంది. నిజానికి ఆలస్యమైపోయింది. కానీ ఆడేవాడి మనసులో తను సరిగ్గానే నొక్కాడు. ఆ మనసులో ఉన్నదాన్నే నిజం చేస్తుంది ఆట. గేములు కట్టేవాళ్ళు దీన్ని కొయొటీ టైమ్ అంటారు. కష్టంగా ఉండటం వేరు, మొండిగా ఉండటం వేరు అని నాకు బాగా అర్థమైంది దాన్ని ఆడినప్పుడే.

న్యాయం అంటే లెక్క సరిపోవడం ఒక్కటే కాదని సిడ్ మైయర్ అనుభవం కూడా చెబుతుంది. సివిలైజేషన్ అనే కంప్యూటర్ ఆటలు కట్టిన మనిషి. 2010లో అమెరికాలో గేములు తయారుచేసేవాళ్ళ సదస్సులో తన అనుభవం చెప్పాడు. వాళ్ళ ఆటలో యుద్ధానికి ముందు బలాబలాలు చూపిస్తారు. మూడుకు ఒకటి బలం ఉన్నా నాలుగుసార్లలో ఒకసారి ఓడిపోవడం లెక్క ప్రకారం సరైనదే. ఆడేవాళ్ళు మాత్రం అట్లా ఓడిపోతే మోసమని మండిపడేవాళ్ళు. అదే తమకు మూడోవంతు బలమే ఉండి గెలిస్తే ఒక్క ఫిర్యాదూ లేదు. చివరికి ఆయన బృందమే ఆట లెక్కలను ఆడేవాళ్ళ మనసుకు తగ్గట్టు మార్చింది. మన ఇళ్ళల్లో వైకుంఠపాళీ ఆడేటప్పుడు పెద్ద పాము మింగితే "దరిద్రపు పందెం" అని గవ్వలను తిడతాం. పులి మేక ఆటలో పులి కట్టుబడిపోతే గవ్వలు లేవు, తిట్టడానికి ఎవరూ లేరు. మూడు పులులు, పదిహేను మేకలు, బండ మీద గీసిన గీతలు. అంతా కళ్ళెదుటే ఉంది, ఎత్తు మనదే, తప్పూ మనదే. అందుకే రచ్చబండ మీద ముసలివాళ్ళు మధ్యాహ్నం కూర్చుంటే దీపాల వేళ దాకా లేచేవాళ్ళు కాదు.

మీ ఆటలో నాకు కనిపించే రెండో లోపం ఇక్కడే ఉంది, దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. ఎంత త్వరగా తాకితే అంత వేగం అన్నావు. అప్పుడు ఓడిపోయినవాడికి ఏం తెలుస్తుంది? వేలు నొప్పి పుట్టిందని తెలుస్తుంది. ఎక్కడ తప్పు చేశాడో తెలియదు. రెండోసారి ఆడితే ఏం మార్చుకోవాలో తెలియదు. మార్చుకునేది లేనప్పుడు ఇంగోతూరి అనే మాట రాదు.

నిజం బండలాగుడు అట్లుండదని నాకన్నా నీకే బాగా తెలుసు. ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయన్నది లెక్క. ఒట్టి బలమే చాలితే పెద్ద ఎడ్లున్న ఆసామికే ప్రతి ఊళ్ళో మొదటి బహుమతి రావాలి. రెండు ఎడ్లూ ఒకే అడుగు వేయాలి. ఒకటి ముందుకు పోయి ఒకటి వెనకబడితే కాడి అడ్డం తిరుగుతుంది, బండ పక్కకు ఈడ్చుకుపోతుంది. దారి చివరి దాకా పోయి మళ్ళీ తిరిగేటప్పుడు బయటి వైపు ఎద్దు ఎక్కువ నడవాలి, లోపలి ఎద్దు ఆగాలి. మొదట్లోనే ఉరికిస్తే చివరికి వచ్చేసరికి ఎగరొప్పుతాయి. ఎక్కడ ఉరికించాలి, ఎక్కడ ఊపిరి పీల్చుకోనివ్వాలి అన్నది తోలేవాడి తెలివి. ఇంత పెద్ద ఆట మీ తాత నీకు కూర్చోబెట్టి చెప్పాడు. నువ్వు దాన్ని వదిలేసి వేలితో టకటకా కొట్టడం పెట్టుకున్నావు. నాకు బాధ అనిపించింది చెల్లీ, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

రెండు బొటనవేళ్ళకు రెండు ఎడ్లు ఇచ్చి చూడండి. ఎడమ వేలికి ఎడమ ఎద్దు, కుడి వేలికి కుడి ఎద్దు. ఎద్దు కాలు నేలను తాకే క్షణానికి సరిగ్గా తాకితే లాగుడు పెరుగుతుంది, తొందరపడితే జత తప్పుతుంది. మలుపులో ఒక వేలు ఆపి ఒక వేలు కదపాలి. ఇట్లా ఉంటే ఓడినవాడు ఏమంటాడో ఆలోచించు. "మలుపుకాడ లోపలి ఎద్దును ఆపలేకపోయినా" అంటాడు. అది చాలు. ఆ మాట అనగలిగినవాడు ఫోన్ కింద పెట్టడు. ఇంకొక మాట, తాకడాన్ని చెర్నాకోల దెబ్బగా మాత్రం చూపించొద్దు. మీ తాత ఎడ్లను సాకినోడు, ఆయన మనవరాలి ఆటలో ఎడ్లు దెబ్బలకు కాకుండా అదిలింపుకు కదలాలి.

ఇక గ్రాఫిక్స్ అంటున్న మీ స్నేహితుడు తప్పు అనడం లేదు నేను. బొమ్మ పని ఉంది, చాలా ఉంది. మనిషి ఒక ఆటను మొదటిసారి ముట్టుకునేది కంటితోనే. అయితే ఆడటం మొదలయ్యాక కన్ను అందం వెతకడం మానేసి వార్త వెతుకుతుంది. ఏ ఎద్దు అలసిపోయింది? ఏది ముందుంది? బండ ఎటు జరుగుతోంది? మీరు ఆరు నెలలు పెట్టి గీసిన మూపురం ఈ వార్త చెబుతోందా? అలసిన ఎద్దు మెడ కిందికి వాలితే, నోటి దగ్గర నురగ కనిపిస్తే, తోక ఆడటం ఆగిపోతే, మూలన ఎర్ర గీతతో బలం చూపించే అవసరమే ఉండదు. ఆ స్నేహితుడి ఆరు నెలల పని ఒక్క గీత కూడా వృథా కాదు. దుమ్ము ఒకటి మాత్రం తగ్గించమను. కాలు ఎప్పుడు నేలకు తగిలిందో దుమ్ములో కనపడకపోతే ఆడేవాడి చేయి గుడ్డిదవుతుంది.

అసలు బొమ్మే లేకున్నా ఆట నిలబడుతుందనడానికి టెట్రిస్ కన్నా సాక్ష్యం వద్దు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని కట్టిన ఎలెక్ట్రోనికా 60 కంప్యూటర్‌కు బొమ్మలు గీసే శక్తే లేదు. అక్షరాల మధ్య వాడే బ్రాకెట్ గుర్తులనే పక్కపక్కన పేర్చి దిమ్మెలు చేశాడు. ఇప్పటికీ ఆడుతున్నాం. మైన్‌క్రాఫ్ట్‌లో చెట్టు, గొర్రె, మనిషి అన్నీ చదరపు పెట్టెలే. 2011లో పూర్తిగా విడుదలైన ఆ ఆట 30 కోట్ల కాపీలు దాటింది. వీటిని చూపించి బొమ్మలు అక్కర్లేదనే వాళ్ళతో నేను ఏకీభవించను. ఆ చదరపు పెట్టెల్లో ఏది రాయి, ఏది మట్టి, ఏది నీళ్ళు అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. బొమ్మ చేయాల్సిన పని ఆ పెట్టెలు చేస్తున్నాయి.

బొమ్మలు ఎంత గొప్పవైనా కాపాడలేని సందర్భం కూడా చెబుతాను, ఎందుకంటే మీరు త్వరలో ట్రైలర్ చేస్తారు. సైబర్‌పంక్ 2077 అనే ఆట కోసం లోకమంతా ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. 2020 డిసెంబర్ 10న వచ్చింది. సోనీ కంపెనీ పాత ప్లేస్టేషన్ మెషిన్ల మీద అది ఎంత తడబడిందంటే, పది రోజులు తిరగకముందే సోనీ తన అంగడి నుంచి దాన్ని తీసేసి, కొన్నవాళ్ళకు డబ్బులు వెనక్కి ఇస్తామంది. మళ్ళీ అక్కడ అమ్మకానికి వచ్చింది 2021 జూన్‌లో. ఆటలోని నగరం అందంగా లేదని ఎవరూ అనలేదు. చెప్పింది ఒకటి, చేతికి వచ్చింది ఒకటి అన్నదే కోపం. 2016లో నో మ్యాన్స్ స్కై అనే ఆట కూడా ఇట్లాగే మాట పోగొట్టుకుంది. తర్వాత ఏళ్ళ తరబడి డబ్బు అడగకుండా కొత్త కొత్త చేర్పులు ఇస్తూ ఆ చిన్న బృందం పోయిన మర్యాదను తిరిగి సంపాదించుకుంది. మీకు అన్నేళ్ళ ఓపిక, డబ్బు ఉండవు కాబట్టి ట్రైలర్‌లో ఆటలో నిజంగా కనిపించేదే చూపించండి. మంచి ఫోన్‌లో తీసిన వీడియో చూసి, ఆరేడు వేల ఫోన్‌లో దించుకునే పిల్లలే మన జిల్లాల్లో ఎక్కువ. పరీక్ష ఆ ఫోన్ మీదే పెట్టండి.

కథ గురించి. నాలుగు నిమిషాలు ఎక్కువమ్మా. కథ చెడ్డదని కాదు. ఆడటానికి ఫోన్ పట్టుకున్న చేతిని నాలుగు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టడం చెడ్డది. 1985 నాటి సూపర్ మారియో మొదటి తెర గుర్తు తెచ్చుకో. ఎడమ పక్కన నువ్వు నిలబడి ఉంటావు, కుడి వైపు అంతా ఖాళీ. నడుస్తావు. ఎదురుగా ఒక చిన్న జీవి వస్తుంది. తగిలితే చస్తావు, కానీ పోయింది ఐదు సెకన్లే. రెండోసారి దూకుతావు. ఒక్క అక్షరం చదవకుండా నడవడం, భయపడటం, దూకడం మూడూ నేర్చేసుకున్నావు. అంగడికి వచ్చిన పిల్లల్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు తక్కువ, మారియో రాని వాళ్ళు లేరు. మీ కథను కూడా అట్లా ముక్కలు చేసి ఆటలో దాచండి. పోటీకి పోటీకి మధ్య తాత ఎద్దుకు నీళ్ళు పెడుతూ రెండు మాటలు చెబితే చాలు. వినాలనుకున్నవాడు వింటాడు, వద్దనుకున్నవాడు దాటేస్తాడు.

ఎందుకంటే ఆడేవాళ్ళంతా ఒకే మాదిరి మనుషులు కారు. రిచర్డ్ బార్టిల్ అనే ఇంగ్లండ్ మనిషి 1996లో ఆన్‌లైన్ ఆటలు ఆడేవాళ్ళను నాలుగు రకాలుగా విడదీసి, పేకముక్కల గుర్తులతో పోల్చాడు. పాయింట్లు, బహుమతులు పోగుచేసేవాళ్ళు డైమన్. మూలమూలలా తవ్వి చూసేవాళ్ళు ఇస్పేటు. నలుగురితో ముచ్చట్ల కోసం వచ్చేవాళ్ళు ఆఠీను. పక్కవాణ్ణి ఓడించడమే సంతోషమైనవాళ్ళు కళావరు. అంగడిలో ఈ నలుగుర్నీ రోజూ చూసేవాణ్ణి. క్రికెట్ 07లో ఒకడు పక్కవాణ్ణి ఓడించడానికే ఆడేవాడు. ఇంకొకడు ఒక్కడే కూర్చుని ఒకే టెస్ట్ మ్యాచ్ మూడు రోజులు ఆడేవాడు. వైస్ సిటీ అనే ఆటలో ఒక పిల్లోడు ఒక్క మిషన్ కూడా చేయకుండా గంటసేపు బండి మీద ఊరంతా తిరిగి, "బాగుందన్నా" అని పది రూపాయలిచ్చి పోయేవాడు. వాళ్ళలో ఎవరి తీర్పు తప్పు? ఎవరిదీ కాదు. కానీ నలుగురికీ కామన్‌గా ఉన్నది ఒకటే. బటన్ పడకపోతే నలుగురూ లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

అందుకే ఆన్‌లైన్ పెట్టాలంటున్న మీ స్నేహితురాలికి నా జవాబు ఇది. ఆమె చెప్పేది కడపలో, కర్నూలులో నాలుగు వైపులా కనిపించే నిజమే. పిల్లలు బీజీఎంఐ అనే ఆన్‌లైన్ తుపాకుల ఆట ఆడేది సగం ఆట కోసం, సగం స్నేహితుల గొంతు కోసం. కానీ ఒంటరిగా ఆడినప్పుడు మాట వినని ఎద్దు, నెట్‌లో ఇంకా ఆలస్యంగా వింటుంది. మీకు పరీక్షలు నెత్తిమీద ఉన్నాయి. ఇప్పటికి ఒకే ఫోన్ మీద ఇద్దరు, ఒకరికి ఒక ఎద్దు ఇచ్చి చూడండి. అన్నా తమ్ముడూ ఒకే కాడి కింద నడవాలంటే ఎంత గోల చేస్తారో చూడాలని నాకే ఆశగా ఉంది. దానికి సర్వర్ ఖర్చూ లేదు.

శబ్దం మాట నువ్వు రాయలేదు. ఎడ్ల మెడలో గంటలు, గజ్జెలు ఉన్నాయిగా, అడుగు లయ చెవికి అందేట్టు వాటిని వాడుకోండి. నేపథ్యంలో డప్పు పెట్టినా గజ్జెలను ముంచేయకూడదు.

యాడ్ సంగతి మాత్రం ఒప్పుకోలేను. ఓడిన ప్రతిసారీ యాడ్ అన్నావు. నేను పైన ఇంతసేపు చెప్పిన ఆ మాట, ఇంగోతూరి, పుట్టేది సరిగ్గా ఆ క్షణంలోనే. వేలు మళ్ళీ మొదలుపెట్టే బటన్ మీదికి పోతూ ఉంటుంది. ఆ వేలికీ బటన్‌కూ మధ్య ముప్పై సెకన్ల సబ్బు యాడ్ వేస్తే, ఓటమి తనదని ఒప్పుకోబోతున్నవాడు కూడా కోపం ఆట మీదికి తిప్పుకుంటాడు. ఓడిపోయాక మళ్ళీ మొదలు కావడానికి ఒక సెకను కన్నా ఎక్కువ పట్టకూడదు మీ ఆటలో. ఖర్చులు రావాలి, కాదనను. గెలిచి, ఊపిరి పీల్చుకుని, తర్వాతి ఊరి పోటీకి పోయేటప్పుడు వేయండి. ఇష్టపడి యాడ్ చూసినవాడికి ఎడ్లకు కొత్త గజ్జెలు, కొమ్ములకు రంగులు ఇవ్వండి. డబ్బిస్తే బలం మాత్రం అమ్మొద్దు. పక్క ఊరి పిల్లోడు డబ్బుతో గెలిచాడని తెలిసిన రోజు మిగతావాళ్ళ ఓటములన్నీ అన్యాయమైపోతాయి.

ఇక ఏది ముందు సరిచేయాలని అడిగావు కదా. ఈ వారం కోడ్ ముట్టుకోవద్దు. మీ ఆట తెలియని ఐదుగురిని పట్టుకోండి. హాస్టల్లో ఇద్దరు, మీ వీధిలో ఇద్దరు పిల్లలు, ఎప్పుడూ గేములు ఆడని పెద్దామె ఒకరు. అందరికీ మీ దగ్గరున్న పాత ఫోన్ ఇవ్వండి. నువ్వు వెనక కూర్చో. ఎట్లా ఆడాలో చెప్పొద్దు. "అక్కడ కాదు, ఇక్కడ తాకు" అని నోరు జారితే ఆ పరీక్ష పోయినట్లే. నీ నోరు ఆగదనిపిస్తే మీ నలుగురిలో ఎవరు తక్కువ మాట్లాడతారో వాళ్ళను కూర్చోబెట్టు. రెండు సంగతులు కాగితం మీద రాయాలి. ఓడినప్పుడు నోట్లోంచి వచ్చిన మాట, ఉన్నది ఉన్నట్టు, బూతైనా సరే. ఎవరూ అడగకుండా ఎన్నిసార్లు మళ్ళీ మొదలుపెట్టారన్నది రెండోది. ఆట అయ్యాక "ఎట్లుంది" అని అడగొద్దు, అడిగితే మళ్ళీ బొమ్మలు బాగున్నాయనే అంటారు. ఆ ఐదు కాగితాలు మీ నలుగురి మధ్య పెట్టుకుని కూర్చుంటే, గ్రాఫిక్సా కథా ఆన్‌లైనా అన్న గొడవ సగం దానంతటదే తీరుతుంది. మొదట తాకిన వెంటనే కదలడం సరిచేయండి, తర్వాత రెండు వేళ్ళ లయ. పరీక్షల ముందు ఆ రెండూ అయితే చాలు. మిగతావి వేసవిలో చేసుకోవచ్చు.

కొత్తగా కట్టాక మొదట మీ తాత చేతికే ఇవ్వు. ఆయనకు ఫోన్ పట్టుకోవడం సరిగ్గా రాకపోవచ్చు, పక్కన కూర్చుని ఒక వేలు నువ్వు ఆడించు. మలుపు దగ్గర ఆయన నోట్లోంచి ఎడ్లను అదిలించే కేక దానంతటదే వచ్చిందనుకో, ఆ నిమిషంలో స్క్రీన్ మీద ఏం జరుగుతోందో వెంటనే రాసిపెట్టుకో. మిగతా ఆటంతా ఆ నిమిషం దగ్గర్నుంచి కట్టుకుంటూ రా. రాకపోతే, ఏం తప్పో ఆయన్నే అడుగు. ఆయన మొహమాటానికి బొమ్మలు బాగున్నాయనే రకం కాదని నీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.